నున్నాకు, ముళ్ళాకు

ఈనాక్ బెడోస్ ఇంట్లో ఎవరి మాట చెల్లాలో తేల్చేది గుమ్మం పక్కనున్న హాలీ పొద. లిడ్‌హోప్‌లో అన్ని ఇళ్ళలోనూ అంతే. ఒకే హాలీ పొదకు అంచున ముళ్ళున్న ఆకులూ వస్తాయి, నున్నటి ఆకులూ వస్తాయి. క్రిస్మస్ ముందురోజు తెల్లవారాక, ఆ ఇంటి పొదకే కోసిన కొమ్మ ఆ ఇంటి గడప దాటి లోపలికి రావాలి. ముందు ముళ్ళాకు వస్తే ఏడాదంతా మగవాడి మాట. నున్నాకు వస్తే ఆడదాని మాట. పొరుగింటి కొమ్మ చెల్లదు. ముందే తెచ్చి దాచిన కొమ్మ చెల్లదు. ఈ చట్టాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టిన చట్టాల్లో ఒక్కదాన్ని కూడా ఆ ఊరు ఇంత నిష్ఠగా పాటించలేదు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఈనాక్ ఒక్కసారీ గెలవలేదు. ఒక ఏడు మంచం దిగి వచ్చేసరికే భార్య హెస్టర్ కొమ్మను గడియారం మీద దోపి పిండి కలుపుతోంది. ఇంకో ఏడు అతను వీధి గుమ్మంలో ముళ్ళకొమ్మ పట్టుకుని, ఎప్పుడు తెల్లవారుతుందా అని తూర్పుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమె బొగ్గుల బకెట్టులో నున్నాకు పెట్టుకుని పెరటి గుమ్మం గుండా లోపలికి నడిచింది.

"ఇంటికి గడపలు రెండు కదయ్యా," అంది. పొయ్యిలో బొగ్గు వేసింది.

ఆ ఏడు కూడా టింకర్ కట్టెల కొట్టంలోనే పడుకుంది.

టింకర్ కుక్క. పాత గోనెపట్టా రంగు, అంతకంటే పాత వాసన. మగది. పశువు చోటు బయట అని హెస్టర్ మొదటి రోజే చెప్పింది. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. తొమ్మిది చలికాలాలు అది కొట్టంలో గడిపింది. ఇప్పుడు దాని వెనక కాళ్ళు బిగుసుకుపోయాయి. లేవాలంటే ముందు కాసేపు ఆలోచిస్తుంది. ఇంకో చలికాలం బయట పడుకుంటే అది వసంతం చూడదని ఈనాక్‌కి తెలుసు. అతనికి కావలసింది ఒక్కటే. వంటింటి పొయ్యి పక్కన కుక్క పట్టేంత చోటు.

జనవరి చివర్లో హెస్టర్ చనిపోయింది. ఊపిరితిత్తులు పాడయ్యాయి. అంతకు నెల ముందు, గోడ పట్టుకుని నడుస్తూ, రెండడుగులకోసారి ఆగి దగ్గుతూ, అప్పుడు కూడా కొమ్మను ఆమే ముందు తెచ్చింది. చివరి రోజు కిటికీలోంచి బయటికి చూసి, "పొద మీద కత్తెర పెట్టకు," అంది. ఇంకో మాట ఏమైనా వస్తుందేమోనని ఈనాక్ చాలాసేపు కూర్చున్నాడు. రాలేదు.

ఆమె అలా ఎందుకందో లిడ్‌హోప్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. హాలీ మొండిది. కోసిన చోట ముళ్ళతో చిగురిస్తుంది. కోయకుండా వదిలేస్తే పగ మరిచి నున్నగా పెరుగుతుంది. హెస్టర్ ఆ పొదను ఎవరినీ ముట్టనివ్వలేదు. వసారా చూరంత ఎత్తు పెరిగింది. ఆకులన్నీ నూనె రాసినట్టు మెరిసేవి. వెతికితే తప్ప ఎక్కడా గుచ్చుకునేది కాదు. గుచ్చుకునేదంతా ఇంట్లోనే ఉండేదని ఈనాక్ అనుకునేవాడు.

సమాధి చేసి వచ్చి, వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళాక, అతను ఈల వేసి టింకర్‌ని పిలిచాడు. కుక్క ముందుకాళ్ళు గడప మీద పెట్టింది. వంటింట్లో కప్పులు కడుగుతున్న పక్కింటి డోర్కస్ గిటిన్స్ తల తిప్పింది.

"దాన్ని ఎక్కడికి తెస్తున్నావు?"

"పొయ్యి దగ్గరికి."

"ఏడాది ఇంకా అవలేదుగా."

"ఏ ఏడాది?"

"మొన్న క్రిస్మస్‌కి ముందొచ్చింది నున్నాకు. వచ్చే క్రిస్మస్ దాకా ఈ ఇల్లు హెస్టర్‌ది."

"ఆమెను ఇప్పుడే పూడ్చి వచ్చాం డోర్కస్."

"పూడిస్తే? మనిషి బతికుండాలని ఎక్కడైనా ఉందా?"

ఈనాక్ తిన్నగా పబ్బుకి వెళ్ళాడు. ఇలాంటి వాటిలో ఆఖరి మాట సిలాస్ ప్రీస్‌ది. పొలాలకు కంచెలు అల్లడం అతని పని. ముళ్ళతో బతికినవాడు కాబట్టి ముళ్ళ చట్టం అతనికి తెలుసని ఊరి నమ్మకం. సిలాస్ గ్లాసు సగం ఖాళీ అయ్యేదాకా ఆలోచించాడు.

"రాజు పోయాడనుకో. ఆయన బొమ్మున్న నాణెం మర్నాటి నుంచి చెల్లదా?"

"చెల్లుతుంది."

"కొత్త బొమ్మ వచ్చేదాకా చెల్లుతుంది. ఇదీ అంతే."

"పోయిన మనిషి మాట వినమంటావు."

"ఉన్నప్పుడు విన్నావు కదా. ఇప్పుడు కష్టం ఏముంది?"

మిగతా మగవాళ్ళు గ్లాసుల్లోకి చూస్తూ తలలు ఊపారు. ఒక ఇంట్లో చట్టం సడలితే ఊరంతా సడలుతుంది. డోర్కస్ మొగుడు అందరికంటే ముందే ఊపాడు. వాళ్ళింటి పొద ఎప్పుడూ నున్నగానే ఉంటుంది.

తలుపు వేసుకుని కుక్కను దొంగతనంగా లోపల పడుకోబెట్టవచ్చు. ఎవరు చూడొచ్చారు? ఆ ఆలోచన ఈనాక్‌కి రాకపోలేదు. కానీ అన్నేళ్ళు ఓడింది చివరికి దొంగాట ఆడడానికి కాదు. గెలిస్తే హెస్టర్ ఒప్పుకునే పద్ధతిలో గెలవాలి. లేకపోతే అది గెలుపని ఆమె ఒప్పుకోదు. సమాధిలో ఉన్నా సరే.

ఆమె తరఫున పాలన డోర్కస్ చేతికి వచ్చింది. వచ్చే క్రిస్మస్‌కి నున్నాకు తనే తెస్తానని కూడా అంది. పొద్దున్నే వచ్చి వంటిల్లంతా కలియజూసేది. వంటింట్లో పైపు కాల్చడం హెస్టర్ ఒప్పుకోదు. తెర మార్చడం హెస్టర్ ఒప్పుకోదు. సాసేజీలు రెండు పూటలా వేయించుకోవడం హెస్టర్ ససేమిరా ఒప్పుకోదు. బతికున్నప్పుడు హెస్టర్ మితభాషి. చచ్చాక నోరు పెరిగింది. చచ్చి సాధించడమంటే ఏమిటో ఈనాక్‌కి అప్పుడు తెలిసింది.

మంచు కరిగాక అతను కత్తెర తీసుకుని పొద ముందు నిలబడ్డాడు. నరికితే ముళ్ళు వస్తాయి. పొదంతా ముళ్ళయితే నున్నాకు అనేదే ఉండదు. నున్నాకు లేకపోతే ఓడిపోవడం ఎలా కుదురుతుంది?

"ఆమె ఆఖరి మాట నేనూ విన్నాను," అంది డోర్కస్ కంచె అవతల నుంచి. "కిటికీ తెరిచే ఉంది."

ఈనాక్ కత్తెర తీసుకెళ్ళి మేకుకు తగిలించాడు. మధ్యాహ్నం సిలాస్ ఇంటికి వెళ్ళి మేకపోతును తోలుకొచ్చాడు. దాని గడ్డం చూసి సిలాస్ దానికి బిషప్ అని పేరు పెట్టుకున్నాడు. ఈనాక్ బిషప్‌ను పొద మొదట్లో కట్టేసి, మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇదేమిటి?" అంది డోర్కస్.

"మేక."

"పొదను తింటోంది."

"మేక కదా. ఏం చేస్తుంది మరి? నా చేతిలో కత్తెర ఉందా చూడు."

డోర్కస్ వెళ్ళి పాదిరిగారిని తీసుకొచ్చింది. ఆయన పట్నం నుంచి కొత్తగా వచ్చినవాడు. మెడకు మఫ్లర్, ముఖాన చిరునవ్వు. కథంతా విని, "ఇది మన మతంలో ఉన్న ఆచారమేనా అని నాకు అనుమానంగా ఉంది," అన్నాడు.

"క్రిస్మస్‌కే కదండీ చేసేది," అంది డోర్కస్.

"అవుననుకోండి. ఈ మేకను ఇక్కడి నుంచి తీసేయమని చెబుదామా? దీని పేరేమిటి?"

"బిషప్ అండి," అన్నాడు ఈనాక్.

పాదిరిగారు మేకను చూశాడు. మేక నములుతూ ఆయనను చూసింది. "పైవారి విషయంలో నేను కలగజేసుకోవడం బాగుండదు," అని ఆయన వెళ్ళిపోయాడు.

వెనక కాళ్ళ మీద నిలబడితే బిషప్‌కు అందినంత మేరా పొద బోడిదైపోయింది. పైసగం మాత్రం అలాగే నున్నగా మిగిలింది. ఈనాక్ గడ్డిబండి తెచ్చి పొద పక్కన నిలిపాడు. దాని మీద పీపాలు, పీపాల మీద తలుపు చెక్క. బిషప్‌ను నడుము పట్టి పైకెక్కించాడు. ఆ పని ఆదివారం నాడు పెట్టుకోవడం అతని తప్పు. చర్చి ముగించుకుని ఊరంతా ఆ దారినే వచ్చింది. చూరుతో సమానంగా మేక నిలబడి పొద తలను నములుతోంది. కింద ఈనాక్ మంచి కోటు వేసుకుని, పెళ్ళికొడుకు గుర్రాన్ని పట్టుకున్నవాడిలా తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. ఇంటి పాలన విషయంలో ఆ ఊరు నవ్వదు.

"హెస్టర్ ఇది చూస్తే ఏమనేది?" అంది డోర్కస్.

"నువ్వే చెప్పాలి. ఆమె నోరు నీ దగ్గరే ఉందిగా."

డోర్కస్ వెనుదిరిగి ఇంటికి నడిచింది. ఆమె అలా వెనక్కి తగ్గడం ఊరు చూడడం అదే మొదటిసారి.

బిషప్ పని ముగిసేసరికి పొద అంటే నిలబెట్టిన కట్టెల మోపు. సిలాస్ మేకను తీసుకెళ్ళడానికి వచ్చి, పొద చుట్టూ తిరిగి, బెరడును గోటితో గీరి చూశాడు.

"ఇది చస్తే ఏం చేస్తావు?"

"ఏముంది? పీకేస్తాను."

"పొద చస్తే కొత్త ఆకు రాదు. కొత్త ఆకు గడప దాటకపోతే పాత పాలనే. హెస్టరే ఉంటుంది, నువ్వు పోయేదాకా."

ఈనాక్ ఆ రోజు భోజనం సరిగా చేయలేదు.

మర్నాటి నుంచి అతను పొదకు దాసుడయ్యాడు. బీచి చెట్ల తోపులోంచి మాగిన ఆకు ఎరువు బస్తాలతో మోసుకొచ్చి మొదట్లో పరిచాడు. పార మాత్రం తగలనివ్వలేదు. వేళ్ళు కదిపితే హాలీ క్షమించదు. క్షమించకపోవడంలో అతనికీ దానికీ బాగా కుదిరింది. వానలు మొహం చాటేస్తే స్నానం చేసిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు, చివరికి వాగు నుంచి కావడి కట్టి తెచ్చిన నీళ్ళు. ముప్పై ఏళ్ళలో ఆ మొక్కకు అతను కప్పు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

"పాపం, పెళ్ళాం పెంచిన మొక్క. ఎంత ప్రేమో."

"ప్రేమ కాదు," అనేవాడు ఈనాక్ బకెట్టు దించకుండానే. "కక్ష."

మేక మరిచిపోయిన ఒక పుల్లకు మే నెలలో పూలు పూశాయి. గోరంత తెల్లటి పూలు. దగ్గరికి వెళితే తప్ప తెలియని వాసన. ఏటా ఆ రోజుల్లో హెస్టర్ పని వదిలేసి మెట్టు మీద ఊరికే కూర్చునేది. ఒళ్ళు బద్ధకమని అతను అనుకునేవాడు. బహుశా అదే అయి ఉంటుంది. అతను ఆ ఆలోచనను అక్కడే ఆపి, ఆ పుల్లను విరిచేశాడు. విరవడానికి కత్తెర అక్కరలేదు.

జూన్‌లో చిగుళ్ళు వచ్చాయి. రాగి రంగు, తడిసిన కాగితంలా మెత్తన. ప్రతి ఆకు అంచునా కోడిపిల్ల ముక్కులాంటి మొనలు. ఆగస్టుకి అవి గట్టిపడ్డాయి. కొస చిగుళ్ళను అతను బొటనవేలి గోటితో గిల్లుతూ పోయాడు. గిల్లిన చోటల్లా ఇంకా పొగరుగా రెండేసి కొమ్మలు వచ్చాయి. పురుగు సొరంగం తవ్విన ఆకులను ఏరి కాల్చేశాడు. వేళ్ళు ఎప్పుడు చూసినా నెత్తురే. టింకర్ పొద నీడన పడుకుని అతని కష్టాన్ని చూసేది. ఎండ తిరిగినప్పుడు అది కూడా పొద చుట్టూ తిరిగేది. వేరే పని లేదు.

నవంబరు నాటికి అది పొద కాదు, ముళ్ళపంది. కింది నుంచి కొస దాకా ఒక్క నున్నాకు లేదు. పిచ్చుకలు కూడా ఒకసారి చుట్టూ తిరిగి, చోటు చూసుకుని మరీ వాలేవి. డోర్కస్ కళ్ళజోడు పెట్టుకుని ఒక పూటంతా వెతికింది.

"ఒక్క ఎర్ర పండూ లేదు," అంది చివరికి. "పిట్టలు తిట్టుకుంటున్నాయి నిన్ను."

"నా ఇంట్లో పిట్టల మాట చెల్లదు."

"ఇంకా నీ ఇల్లు కాలేదు."

క్రిస్మస్ ముందురోజు గడ్డి తెల్లగా గడ్డకట్టింది. ఈనాక్ పెరటి తలుపుకు గడియ వేసి, అడ్డంగా బొగ్గుల పెట్టె జరిపి, దాని మీద కుట్టుమిషను ఎత్తి పెట్టాడు. వీధి తలుపు బార్లా తెరిచాడు. తెల్లవారేసరికి గేటు దగ్గర సగం ఊరు నిలబడి ఉంది. పాదిరిగారు కూడా ఉన్నాడు. ఊరికే ఇటుగా వెళ్తున్నానని అందరికీ చెబుతున్నాడు.

ఈనాక్ సిలాస్ తోలు చేతొడుగులు వేసుకుని, కత్తితో పెద్ద కొమ్మ కోశాడు. మనిషి పొడవుంది. పడుతున్న రెమ్మలను కాలితో పక్కకు నెట్టాడు. గడప మూడు బారల దూరం కూడా లేదు. కొమ్మ భుజాన పెట్టుకుని లోపలికి నడిస్తే అయిపోయేది. కానీ అన్నేళ్ళు ఓడిన మనిషి. చూడాల్సినవాళ్ళు చూడాలనుకున్నాడు. గేటు వైపు తిరిగి కొమ్మను పైకెత్తాడు.

"అందరూ చూడండి," అన్నాడు. "ఒక్క నున్నాకు చూపించండి ఇందులో."

పొద కింద పడుకున్న టింకర్ అప్పుడు లేచింది. కాసేపు ఆలోచించింది. ఒళ్ళు విదిలించుకుని, ఈనాక్ కాళ్ళ పక్క నుంచి నడిచి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి వెళ్ళింది.

"ఆగండి," అంది డోర్కస్. "దాని డొక్క మీద ఏమిటది?"

సిలాస్ లోపలికి వెళ్ళి వంగి చూశాడు. బొచ్చులో చిన్న రెమ్మ చిక్కుకుని ఉంది. ఆకులను వేలితో తడిమాడు. గుచ్చుకున్న వేలు చప్పరించాడు.

"ముళ్ళాకు. ఈ పొదదే. ఇప్పుడే కోసింది. తెల్లవారాకే వచ్చింది. వీధి గడప దాటి వచ్చింది." ఒక్కో మాటకూ ఒక్కో వేలు మడిచాడు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"మరింకేం," అన్నాడు ఈనాక్. "ముళ్ళాకు వచ్చింది. మగవాడి మాట. అంటే నేను."

"నువ్వు బయట ఉన్నావు కదయ్యా," అంది డోర్కస్ కుక్కను చూపిస్తూ. "వచ్చిన మగవాడు ఆయన."

గేటు దగ్గర గొణుగుడు మొదలైంది. సిలాస్ చెయ్యెత్తాడు.

"పోయిన క్రిస్మస్‌కి హెస్టర్ కొమ్మ తెచ్చినప్పుడు వంటింట్లో ఇంకెవరున్నారు?"

"నేనున్నాను," అంది డోర్కస్. "కషాయం కాస్తున్నాను."

"నువ్వూ ఆడదానివే. ఇల్లు నీది అయిందా?"

"ఎలా అవుతుంది? తెచ్చింది ఆమె."

"అదీ సంగతి. ఆకు ఎవరితో వస్తే వాళ్ళది. ఈనాక్, ఇన్నాళ్ళూ అది నీ కుక్క. ఇప్పుడు నువ్వు ఆయన మనిషివి."

ఈనాక్ పాదిరిగారి వైపు చూశాడు. పాదిరిగారు మఫ్లర్ సర్దుకున్నాడు.

"కుక్క చెప్పేది మీకెలా తెలుస్తుంది?" అన్నాడు ఈనాక్. "మాట్లాడదు కదా."

"ఏడాదంతా హెస్టర్ మాట్లాడిందా?" అంది డోర్కస్.

ఈనాక్ కొమ్మను గోడకు ఆనించాడు. తరవాత ఆలోచిస్తే నష్టం కనిపించలేదు. అతను గెలవాలనుకున్నదే కుక్క కోసం. కుక్కే గెలిస్తే మధ్యవర్తి ఖర్చు తప్పింది. లోపలికి వెళ్ళి పొయ్యిలో బొగ్గు నిండుగా వేశాడు. పక్కనే మంచి కంబళి నాలుగు మడతలు వేసి పరిచాడు. తలుపు మూశాడు. డోర్కస్, సిలాస్ సాక్షులుగా లోపలే నిలబడ్డారు.

టింకర్ వంటింట్లో ఒక చుట్టు తిరిగింది. కుర్చీ కాళ్ళు వాసన చూసింది. బీరువా కింద ముక్కు పెట్టింది. పొయ్యి దగ్గరికి వచ్చి, సెగ తగలగానే ముఖం తిప్పుకుని తుమ్మింది. కంబళి చుట్టూ నడిచింది, దాని మీద కాలు పెట్టలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి, గడియను చూస్తూ కూర్చుంది.

"ఇక్కడ," అన్నాడు ఈనాక్ కంబళిని తడుతూ. "ఇదిగో, ఇక్కడ. పడుకో."

టింకర్ చెవి కూడా కదపలేదు.

"ఆయన చెప్పేది తెలుస్తూనే ఉంది," అంది డోర్కస్.

"అలవాటు లేదు, అంతే. కాసేపు ఉంటే సుఖం తెలుస్తుంది."

"ఇంటి యజమానికి నచ్చజెబుతున్నావా? ఎన్నడైనా ఒక్కరికి నచ్చజెప్పగలిగావా నువ్వు?"

"దీనికోసం నేను మేకను బండెక్కించాను," అన్నాడు ఈనాక్. ఎవరితో అన్నాడో తెలియలేదు. "ఎండాకాలమంతా కావడి మోశాను."

టింకర్ తలుపును గోటితో గీరింది. ఒక్కసారే. రెండోసారి చెప్పడం ఆ ఇంటి యజమానులకు ఏనాడూ అలవాటు లేదు. ఈనాక్ లేచి తలుపు తీశాడు.

కుక్క మంచు గడ్డి మీదుగా నడిచి కట్టెల కొట్టంలోకి వెళ్ళింది. తొమ్మిది చలికాలాలుగా తన ఒంటి ఆకారానికే గుంటపడిన గోనెల మీద ఒక చుట్టు తిరిగి, పడుకుని, సంతృప్తిగా నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు గేటు దాకా వినిపించింది. జనం ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

వంటింట్లో పొయ్యి ఎర్రగా మండుతోంది. ఈనాక్ పైపు తీసి నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపుల్ల గీశాడు. ఇక్కడ కాల్చుకోవచ్చా కూడదా అని ఎవరినైనా అడగాలనిపించింది. పుల్ల వేలి దాకా కాలింది. పైపు జేబులో పడేసి, పళ్ళెంలో చల్లటి హ్యామ్ ముక్కలు, ఉల్లి ఊరగాయ, రొట్టె పెట్టుకుని, కంబళి చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

మధ్యాహ్నం డోర్కస్ కంచె మీదుగా తొంగి చూసింది. ఇంట్లో పొయ్యి మండుతోంది, మనిషి లేడు. కట్టెల కొట్టంలో మొద్దు మీద ఈనాక్ కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద పళ్ళెం. కంబళి కుక్క మీద ఉంది. అతని నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"ఈనాక్. అంత బొగ్గు తగలేసి అక్కడ చలిలో ఏం చేస్తున్నావు? అక్కడ ఎవరి మాట చెల్లుతోంది ఇప్పుడు?"

"మెల్లగా మాట్లాడు," అన్నాడు ఈనాక్. "ఆయన పడుకున్నారు."